ఫిలిప్పీన్స్ జాజ్ సంగీతం

ఫిలిప్పీన్స్ జాజ్ సంగీతం అనగా ఫిలిప్పీన్స్ దేశంలోను, అక్కడి నుండి వలస వెళ్ళిన వారి మధ్యను 20వ శతాబ్ది తొలి దశకాల నుండి వాడుకలో ఉన్న జాజ్ సంప్రదాయం. దీనిని పినోయ్ జాజ్ అని కూడా అంటారు. (పినోయ్ అనేది ఫిలిపినోలు తమను తాము ఆప్యాయంగా పిలుచుకొనే పేరు.) అమెరికాలో నల్లజాతి ప్రజల మధ్య పుట్టిన ఈ సంగీతం అమెరికా వలస పాలన కాలంలో ఈ ద్వీపాలకు చేరింది. ఆ తరువాత షాంఘై, హాంగ్‌కాంగ్, జపాన్ నగరాలలో జాజ్‌ను వ్యాప్తి చేసిన వారిలో ఫిలిపినో వాద్యకారులు ముఖ్యులు. అయితే చాలాకాలం వారికి దక్కిన ప్రశంస "చక్కగా అనుకరిస్తారు" అన్నదే. ప్రశంసలా కనిపించే ఈ మాటతో వారు పడిన పెనుగులాటను గమనించకుండా పినోయ్ జాజ్ చరిత్రను అర్థం చేసుకోవడం కష్టం.

పూర్వరంగం

ఫిలిప్పీన్స్ 1565 నుండి 1898 వరకు స్పెయిన్ పాలనలో ఉంది. ఈ కాలంలో చర్చిలు గాయకులకు, వాద్యకారులకు పాశ్చాత్య సంగీతంలో శిక్షణ ఇచ్చాయి. మనీలా సమీపంలోని లాస్ పిన్యాస్ పట్టణపు చర్చిలో వెదురు గొట్టాలతో నిర్మించిన ఆర్గన్ 1824లో పూర్తయింది. అది నేటికీ మ్రోగుతూనే ఉన్నది. సైనిక బ్యాండ్లను చూసి ఊరూరా బ్యాండ్లు ఏర్పడ్డాయి. గ్రామ దేవాలయోత్సవాలలో, పెళ్ళిళ్ళలో, అంత్యక్రియలలో ఇవి వాయించేవి. ఇత్తడి వాద్యాలు కొనే స్తోమత లేనివారు వెదురుతోనే బూరలను పోలిన వాద్యాలు తయారు చేసుకొని బృందాలుగా ఏర్పడ్డారు. ఈ వెదురు బ్యాండ్లను ముసికోంగ్ బుంబోంగ్ అంటారు. వీటిని అనుకరణ అనాలో సృష్టి అనాలో తేల్చడం అంత సులభం కాదు.

ఈ శిక్షణ వలన ఫిలిపినో వాద్యకారులకు జాజ్ పుట్టక మునుపే విదేశాలలో గిరాకీ ఏర్పడింది. 19వ శతాబ్ది చివరి దశకాలలో షాంఘై మునిసిపల్ బ్యాండులో అత్యధికులు వీరే. మలయాలోని సెలంగోర్ రాష్ట్ర బ్యాండును 1894లో మనీలా నుండి రప్పించిన వాద్యకారులతో ఏర్పాటు చేశారు. మన దేశంలో ఇటువంటి ఉదాహరణ గోవా. పోర్చుగీసు పాలనలో చర్చి బడులలో స్వరలిపి నేర్చుకొన్న గోవా వాద్యకారులు తరువాత బొంబాయి హోటళ్ళలో జాజ్ వాయించారు, హిందీ చలనచిత్రాల వాద్యబృందాలలో పనిచేశారు.

అమెరికా పాలన, వాల్టర్ లవింగ్

1898 డిసెంబరులో కుదిరిన పారిస్ ఒడంబడిక ప్రకారం స్పెయిన్ ఈ ద్వీపాలను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న ఫిలిపినోలు దీనిని ఎదిరించగా 1899లో యుద్ధం మొదలైంది. అమెరికా పంపిన సేనలలో నల్లజాతి దళాలు కూడా ఉన్నాయి. స్వదేశంలో తమపై సాగుతున్న వివక్షకు, ఇక్కడ తాము చేస్తున్న యుద్ధానికి గల పోలిక ఆ సైనికులలో కొందరిని కలవరపరచింది. డేవిడ్ ఫేగన్ అనే సైనికుడు దళం వీడి ఫిలిపినోల పక్షాన పోరాడాడు.

యుద్ధానంతరం సంగీత చరిత్రలో ముఖ్యుడైనవాడు వాల్టర్ లవింగ్. వర్జీనియాలో జన్మించిన ఈ నల్లజాతి సైనికాధికారి 1902లో ఫిలిప్పీన్ కాన్‌స్టేబులరీ బ్యాండును నెలకొల్పాడు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ బ్యాండు ద్వితీయ బహుమతి గెలుచుకొంది. ఒక కచేరీ నడుమ దీపాలు ఆరిపోయాయనీ, లవింగ్ తన చేతికర్రకు తెల్లని రుమాలు కట్టుకొని సంచాలనం కొనసాగించాడనీ, వాద్యకారులు చీకటిలోనే రచనను పూర్తిచేశారనీ చెబుతారు. అదే ప్రదర్శనలో ఫిలిప్పీన్స్ నుండి తెచ్చిన వెయ్యిమందికి పైగా ప్రజలను, ముఖ్యంగా కొండజాతి ఇగోరోట్‌లను, "నాగరికత లేనివారు" ఎలా ఉంటారో చూపడానికి కృత్రిమ గ్రామాలలో ఉంచారు. ఒకే దేశస్థులను ఒకచోట వింత ప్రాణులుగాను, మరొకచోట తెల్లవారి సంగీతం నేర్చిన ఘనులుగాను చూపారన్నమాట. బ్యాండు నైపుణ్యాన్ని పాలకులు తమ శిక్షణ ఫలితంగా చెప్పుకొన్నారు. స్పెయిన్ కాలం నాటి మూడు శతాబ్దాల సాధన ఆ లెక్కలోకి రాలేదు. మేరీ టలుసన్ 2021లో ప్రచురించిన "ఇన్‌స్ట్రుమెంట్స్ ఆఫ్ ఎంపైర్" అనే గ్రంథం ఈ విషయాన్నే చర్చిస్తుంది.

1909లో టాఫ్ట్ అమెరికా అధ్యక్షుడైనప్పుడు ప్రమాణస్వీకార వేడుకలో ఈ బ్యాండు పాల్గొంది. ఇది జాజ్ బృందం కాదు. కవాతు సంగీతం, పాశ్చాత్య శాస్త్రీయ రచనలు వాయించేది. కాని ఒక నల్లజాతి గురువు వద్ద ఫిలిపినో వాద్యకారులు సాధన చేసిన తొలి సందర్భాలలో ఇది ప్రసిద్ధమైనది. లవింగ్ 1945 ఫిబ్రవరిలో మనీలా యుద్ధకాలంలో జపాను సైనికుల చేతిలో మరణించాడు.

బోదబిల్

అమెరికాలో వోడ్విల్ అని పిలిచే వినోద ప్రదర్శనలు ఫిలిప్పీన్స్‌లో బోదబిల్ అయ్యాయి. పాట, నాట్యం, హాస్యం, గారడీ ఒకే వేదికపై సాగే ఈ ప్రదర్శనల ద్వారానే జాజ్ సామాన్యులకు చేరింది. సెబూకు చెందిన పియానో వాద్యకారుడు లూయిస్ బొర్రొమేయో 1915లో అమెరికా వెళ్ళి అక్కడి రంగస్థలాలపై పేరు తెచ్చుకొని 1921లో తిరిగివచ్చాడు. అదే సంవత్సరం మనీలా కార్నివాల్‌లో తన బృందంతో ప్రదర్శనలు ఇచ్చాడు. బొర్రొమేయో లూ అనే పేరుతో ఇతడు ప్రసిద్ధుడు.

బోదబిల్ రాణిగా, ఫిలిపినో జాజ్ రాణిగా పేరొందిన గాయని కేటీ దె లా క్రూజ్ (1907-2004). బాల్యంలోనే సినిమా హాళ్ళలో పాడడం మొదలుపెట్టి సుమారు ఎనిమిది దశకాలు రంగంలో నిలిచింది. ఆమె పాటలలో "బాలుట్" అత్యంత ప్రసిద్ధం. బాలుట్ అంటే పిల్ల రూపుదిద్దుకొంటున్న బాతుగుడ్డును ఉడికించిన తినుబండారం. రాత్రివేళ వీధులలో కేకలు వేస్తూ అమ్ముతారు. మనీలా వీధి కేక ఒకటి జాజ్ పాటలో కథావస్తువు కావడం విశేషం. అనుకరణే తప్ప మరేమీ లేదన్న వాదానికి ఈ ఒక్క పాట చాలినంత సమాధానం. ఆమె జీవితం ఆధారంగా 1988లో "కేటీ!" అనే సంగీత నాటకాన్ని ప్రదర్శించారు. దానికి సంగీతం రియాన్ కయబ్యబ్ సమకూర్చాడు.

ఆసియా నగరాలలో

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో పసిఫిక్ మహాసముద్రంలో తిరిగే ఓడలలోను, రేవు పట్టణాల హోటళ్ళు, నాట్యశాలలలోను ఫిలిపినో బృందాలు విరివిగా వాయించేవి. వీరు స్వరలిపి చదవగలరు, ఇంగ్లీషు పాటలు పాడగలరు, అమెరికా నుండి వచ్చిన కొత్త బాణీని త్వరగా పట్టుకోగలరు. అన్నిటికంటే ముఖ్యంగా యజమానులు వీరికి తెల్లవారి కంటే తక్కువ జీతం ఇచ్చేవారు. ఆసియాలో వీరి వ్యాప్తికి ప్రతిభ ఎంత కారణమో ఈ జీతాల తేడా కూడా అంత కారణం.

జపానులో జాజ్ తొలినాళ్ళలో స్థానికులు వీరి పక్కన కూర్చొని నేర్చుకొన్నారు. 1930లలో జపాను చేరిన క్లారినెట్ వాద్యకారుడు రేమండ్ కోండే యుద్ధానంతరం "గే సెప్టెట్" అనే బృందంతో అక్కడ ప్రముఖుడయ్యాడు. మలేషియాలో ఫిలిపినో సంతతికి చెందిన అల్ఫోన్సో సోలియానో (1925-1990) పియానో వాద్యకారుడిగా, రేడియో ఆర్కెస్ట్రా నాయకుడిగా ఆ దేశపు ఆధునిక సంగీతానికి పునాది వేసినవారిలో ఒకడు.

ఫ్రెడ్ ఎలిజాల్డే

ఈ చరిత్రలో మిగతావారి కథలతో పొసగని కథ ఫ్రెడ్ ఎలిజాల్డే (1907-1979)ది. మనీలాలో సంపన్న స్పానిష్ కుటుంబంలో జన్మించిన ఇతడు కేంబ్రిడ్జిలో చదువుతూ జాజ్ బృందం నడిపాడు. 1920ల చివర లండన్ సవాయ్ హోటల్‌లో ఇతని వాద్యబృందం వాయించేది. అందులోకి అమెరికా నుండి ఏడ్రియన్ రొలీనీ వంటి వాద్యకారులను రప్పించాడు. గాయకుడు ఆల్ బౌలీ కూడా ఈ బృందంలో పాడాడు. అమెరికన్లకు జీతమిచ్చి తన క్రింద వాయింపజేసిన మనీలా యువకుడు ఇతడు! అయితే నాట్యం చేయవచ్చిన వారికి ఇతని ప్రయోగాలు అంతగా రుచించలేదు. 1929 తరువాత స్పెయిన్ వెళ్ళి మనువేల్ దె ఫయా వద్ద చదివి శాస్త్రీయ రచన వైపు మరలాడు. ఇతని వయొలిన్ కన్చెర్టోను క్రిస్టియన్ ఫెర్రాస్ రికార్డు చేశాడు.

యుద్ధకాలం, ఆ తరువాత

1942 జనవరిలో జపాను సేనలు మనీలాను ఆక్రమించాయి. అమెరికా సంగీతంపై ఆంక్షలు వచ్చాయి. హాలీవుడ్ చిత్రాలు ఆగిపోవడంతో సినిమా హాళ్ళలో మళ్ళీ రంగస్థల ప్రదర్శనలు పుంజుకొన్నాయి. సంగీతకారులకు పని దొరికింది. 1945 యుద్ధంలో మనీలా శిథిలమైంది. సుమారు లక్షమంది పౌరులు మరణించారు.

1946లో స్వాతంత్ర్యం వచ్చినా అమెరికా స్థావరాలు మిగిలాయి. క్లార్క్ వైమానిక స్థావరం, సుబిక్ నౌకా స్థావరం చుట్టూ వెలసిన క్లబ్బులు కొన్ని తరాల వాద్యకారులకు బడిగాను, బ్రతుకుతెరువుగాను ఉండేవి. 1972లో సైనిక శాసనంతో పాటు వచ్చిన అర్ధరాత్రి కర్ఫ్యూ రాత్రి జీవితాన్ని దెబ్బతీసింది. 1991లో పినతూబో అగ్నిపర్వతం బ్రద్దలైన పిమ్మట క్లార్క్, 1992లో సుబిక్ మూతపడ్డాయి.

ఈ కాలపు ప్రముఖులలో సాక్సొఫోన్ వాద్యకారుడు లీతో మోలీనా, వైబ్రాఫోన్ వాద్యకారుడు ఎమిల్ మిహారెస్, కటిన్‌డిగ్ కుటుంబ సభ్యులు ఉన్నారు. స్వరకర్త ఏంజెల్ పెన్యా (1921-2014) జాజ్‌లోను సింఫనీలోను సమానంగా కృషిచేశాడు. తరువాత హొనొలులు చేరి అక్కడి సింఫనీ బృందంలో డబుల్ బేస్ వాయించాడు. పియానో వాద్యకారుడు బాబీ ఎన్రికేజ్ (1943-1996) పిడికిళ్ళతో, మోచేతులతో మెట్లను కొడుతూ వాయించేవాడు. ఇతనిని "మిందనావో అడవి మనిషి" అని ప్రచారం చేశారు. నిజానికి ఇతడు పుట్టినది నీగ్రోస్ ద్వీపంలోని బకోలోద్ పట్టణంలో, మిందనావోలో కాదు. 1904 నాటి కృత్రిమ గ్రామాలను గుర్తుంచుకొన్న వారికి ఈ బిరుదు కొంత ఇబ్బంది కలిగించక మానదు.

విదో, ప్లకాదో

ఫిలిపినో సంగీతకారుల వాడుకలో రెండు పదాలు ఉన్నాయి. స్వరలిపి చూడకుండా విని పట్టుకొని వాయించడం "విదో". ఇది చెవి అనే అర్థం గల స్పానిష్ పదం నుండి వచ్చింది. గ్రామఫోను పళ్ళెంలో ఉన్నది ఉన్నట్లుగా, అక్షరం పొల్లుపోకుండా వినిపించడం "ప్లకాదో". హోటల్ యజమానికి కావలసింది ప్లకాదో. జాజ్‌కు కావలసింది అప్పటికప్పుడు పుట్టే మనోధర్మం. కనుక ఫిలిపినో వాద్యకారుడు కూలికోసం ఇతరుల గొంతును అరువు తెచ్చుకొని, పని ముగిసిన తరువాత తోటివారితో కలిసి వాయించే వేళల్లోనే తన గొంతును వెదుక్కోవలసి వచ్చింది. విదేశాలలో ఏళ్ళ తరబడి వాయించి ఇంటికి డబ్బు పంపిన వారిలో అధికుల పేర్లు ఏ రికార్డు మీదా లేవు. వారికి జాజ్ కళ కావడానికి ముందు పిల్లల చదువు, ఇంటి కప్పు.

కాలిఫోర్నియా పొలాలలో కూలిపనికి వెళ్ళిన ఫిలిపినో యువకులకు ఇదే సంగీతం మరొక విధంగా దగ్గరైంది. వారాంతంలో మంచి సూటు వేసుకొని నాట్యశాలకు వెళ్ళి, ఒక్కొక్క పాటకు పది సెంట్ల టికెట్టు కొని నాట్యం చేసేవారు. పొలంలో కూలి అయినవాడు అక్కడ కొంతసేపు మనిషిగా నిలబడేవాడు. తెల్లజాతి యువతులతో వీరు నాట్యం చేయడం సహించలేని గుంపులు 1930 జనవరిలో వాట్సన్‌విల్ పట్టణంలో దాడులు చేశాయి. ఆ దాడులలో ఫెర్మిన్ తొబేరా అనే 22 ఏళ్ళ కూలీ కాల్పులకు బలి అయ్యాడు.

తరువాతి తరాల వారు ఈ సంగీతంలో తమ గుర్తింపును వెదికారు. లాస్ ఏంజెలెస్ గాయని చార్మెయిన్ క్లామోర్ తన శైలికి "జాజిపినో" అని పేరు పెట్టింది. 2007లో వెలువడిన ఆమె ఆల్బం "ఫ్లిప్పిన్ అవుట్"లో ఒక ప్రసిద్ధ అమెరికన్ జాజ్ గీతాన్ని చామనఛాయ ఫిలిపినా స్త్రీని గురించిన పాటగా మార్చి పాడింది. తెల్లబరచే లేపనాలు విరివిగా అమ్ముడయ్యే దేశంలో ఆ పాటకు గల అర్థం తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు.

గంటలు, జాజ్

మిందనావోలోని మగిందనావో, మరనావో ప్రజల వాద్యం కులింతాంగ్. సాధారణంగా ఎనిమిది బొడిపె గంటలను వరుసగా పేర్చి కర్రలతో వాయిస్తారు. ఇందులోనూ మనోధర్మానికి ప్రాధాన్యం ఉంది. కాని ఒక్కొక్క గంటల వరుసకు ఒక్కొక్క శ్రుతి ఉంటుంది. అది పియానో శ్రుతికి సరిపోదు. అందువలన జాజ్ వాద్యాలతో కలపాలంటే గంటలను మార్చాలి, లేదా గిటారు, పియానోలు వాటికి లోబడాలి. గిటారు వాద్యకారుడు బాబ్ ఏవ్స్ "ట్రాన్స్‌లేటింగ్ ది గాంగ్స్" అనే ఆల్బంలో ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు.

అమెరికాలో జన్మించిన తాళవాద్యకారిణి సూసీ ఇబారా న్యూయార్కులో జాజ్ డ్రమ్ములు వాయిస్తూనే దనోంగన్ కలందుయన్ వద్ద కులింతాంగ్ నేర్చుకొంది. ఆమె రచన "స్కై ఐలాండ్స్"కు 2025లో పులిట్జర్ సంగీత పురస్కారం లభించింది. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ ద్వీపపు పర్వతారణ్యాల స్ఫూర్తితో చేసిన రచన ఇది. సాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ ఇరబగోన్ 2008లో థెలోనియస్ మంక్ పోటీలో విజేతగా నిలిచాడు.

ఈ సంగీత చరిత్రను గ్రంథస్థం చేసినవారిలో డ్రమ్ము వాద్యకారుడు రిచీ కిరినో ముఖ్యుడు. ఇతని "పినోయ్ జాజ్ ట్రెడిషన్స్" 2004లో వెలువడింది. కాలిస్ డేవిస్‌తో కలిసి ఇతడు ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా రూపొందించాడు. వృద్ధ వాద్యకారులు తాము ఏ నగరంలో, ఎవరితో, ఏమి వాయించారో స్వయంగా చెప్పిన సంగతులను ఈ కృషి భద్రపరచింది.