కాలయంత్రమూ, గతాన్ని దిద్దాలన్న కోరికా

జరిగిపోయినదానిని జరగనట్లు చేయాలన్న కోరిక మానవునికి కొత్తది కాదు. ఆ పనిని ఒక యంత్రం చేయగలదన్న ఊహ మాత్రం కొత్తది. పూర్వులు ఈ కోరికను దేవతలకో మహర్షులకో విన్నవించుకొన్నారు. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో ఐరోపా రచయితలు దానిని చక్రాలకూ మీటలకూ అప్పగించినారు. స్పెయిన్ దేశపు నాటకకర్త ఎన్రీకె గాస్పార్ 1887లో ప్రకటించిన నవలలో భూతకాలంలోకి వెనుకకు నడిచే వాహనం ఒకటి కనబడుతుంది. 1895లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ తన నవలకు పెట్టిన ‘టైమ్ మెషీన్’ అన్న పేరు అనేక భాషలలో స్థిరపడినది. తెలుగులో అది కాలయంత్రమైనది. అయినా వెల్స్ యాత్రికుని దృష్టి ప్రధానంగా భవిష్యత్తు మీదనే. అతడు 8,02,701వ సంవత్సరానికి పోయి, ధనిక దరిద్ర భేదం చివరకు మానవజాతిని ఏ గతికి తెచ్చునో చూచి వస్తాడు. తన పొరపాటు నొకదానిని దిద్దుకొందామన్న తలంపు ఆ ప్రయాణానికి మూలం కాదు.

ఆ తలంపును ప్రజలలో విస్తారంగా ప్రచారం చేసినవి అమెరికాలోని బొమ్మల కథల పుస్తకాలు. సాహిత్యవిమర్శకులు చాలాకాలం వీటిని గణనకు తీసుకొనలేదు. కాని 1945లో హిరోషిమా నాగసాకి నగరాలపై అణుబాంబులు పడిన తరువాత పెరిగిన తరానికి, విజ్ఞానశాస్త్రవేత్త అన్న పాత్రలోని భయాన్నీ పశ్చాత్తాపాన్నీ మొదట చూపినవాటిలో ఈ చవక పుస్తకాలూ ఉన్నవి. వాటిలోని శాస్త్రజ్ఞుడు తరచుగా మహామేధావి, మహాగర్వి. అతని చేతిలో కాలయంత్రం ఉండడం కథకు అవసరం. అది అతనికి ఉపకరించకపోవడం కథలోని నీతి.

1960లో వెలువడిన ఒక కథను ఉదాహరణగా తీసుకొనవచ్చును. బాలుడుగా ఉన్న సూపర్‌మాన్ అబ్రహాం లింకన్ ప్రాణం కాపాడవలెనని 1865 ఏప్రిల్ 14వ తేదీ నాటి వాషింగ్టన్ నగరానికి వెళతాడు. అతని విరోధి అయిన శాస్త్రజ్ఞుడు లూథర్ అప్పటికే తన కాలంనుంచి పారిపోయి అక్కడ తలదాచుకొని ఉన్నాడు. బాలుడు తనను పట్టుకొనడానికే వచ్చినాడని భ్రమపడి, లూథర్ అతనిని కదలనీయకుండా నిలిపివేస్తాడు. అంతలో వీధిలో కోలాహలం. లింకన్‌పై కాల్పులు జరిగిపోయినవి. తాను అడ్డగించినది ఏ కార్యాన్నో అప్పుడు గ్రహించి, ఆ దుష్టుడు సైతం కుమిలిపోతాడు. దుర్మార్గునికి కూడా దుఃఖం కలిగించిన ఈ ఘట్టం పిల్లల కోసం వ్రాసిన కథలోనిది.

ఇంతకంటె లోతైన పాత్ర డాక్టర్ డూమ్. స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి రూపొందించిన ఈ శాస్త్రజ్ఞుడు 1962లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ పత్రిక ఐదవ సంచికలో కాలవేదికతోనే ప్రవేశించినాడు. తన ప్రత్యర్థులైన నలుగురిలో ఒకరిని బందీగా ఉంచుకొని, మిగిలిన ముగ్గురిని సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ కాలానికి పంపి, అతని పెట్టెలోని మహిమగల రత్నాలను తెమ్మంటాడు. అక్కడ జరిగినది చిత్రం. వెళ్ళినవారిలో ఒకడు మారువేషానికి నల్లని గడ్డం పెట్టుకొని, ఓడ దొంగలకు నాయకుడై, లోకం బ్లాక్‌బియర్డ్ అని చెప్పుకొన్నది తననేనని తెలుసుకొంటాడు. అంటే గతంలో చేయి పెట్టినవారు గతాన్ని మార్చలేదు; అది ఎట్లు జరిగినదో అట్లు జరగడానికి తామే కారకులైనారు.

రెండేళ్ళకు, 1964లో, డూమ్ పూర్వవృత్తాంతం వెలువడినది. విక్టర్ వాన్ డూమ్ విద్యార్థిగా ఉన్న రోజులలో పరలోకాన్ని అందుకొనడానికి రహస్యంగా ఒక యంత్రం నిర్మిస్తాడు. సహవిద్యార్థి రీడ్ రిచర్డ్స్ ఆ కాగితాలు చూచి, లెక్కలో దశాంశాలు తప్పినవని హెచ్చరిస్తాడు. విక్టర్ దానిని వినడు. తన గదిలోకి వచ్చినందుకు అతనినే తిడతాడు. యంత్రం పేలి ముఖం గాయపడుతుంది; విద్యాలయంనుంచి బహిష్కారం కలుగుతుంది. అటుపిమ్మట ఇనుప ముసుగు, పగ, రాజ్యాధికారం.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన పాఠకునికి ఒక ప్రశ్న తోచక మానదు. కాలవేదిక తన ఇంటిలోనే ఉన్నవాడు రత్నాల కోసం ఇతరులను పంపనేల? తానే వెళ్ళి, ఆ రాత్రి ఆ దశాంశాలను దిద్దుకొని రాకూడదా? సమాధానం అతని స్వభావంలోనే ఉన్నది. దశాంశాలు తప్పడం చిన్న పొరపాటు. తప్పినవని చెప్పినవాని మాట వినకపోవడం అసలు పొరపాటు. ముసుగు ధరించిన వృద్ధ డూమ్ వెనుకకు పోయి యువకుడైన డూమ్‌కు అదే హెచ్చరిక చేసినా, ఆ యువకుడు వినేవాడు కాడు. ఆ వృద్ధుడు పోనూ పోడు. పోవడమంటే రీడ్ చెప్పినది నిజమని ఒప్పుకొనడమే. తన తప్పును ఒప్పుకొనగలవానికి యంత్రం అక్కరలేదు. ఒప్పుకొనలేనివానికి యంత్రం ఉండీ లాభం లేదు.

భారతీయ కథాసంప్రదాయానికి కాలంలో ప్రయాణం అపరిచితం కాదు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని అడగడానికి బ్రహ్మలోకం పోతాడు. అక్కడ గానం సాగుతుండగా క్షణకాలం వేచి ఉంటాడు. అంతలో భూలోకంలో ఇరువదియేడు చతుర్యుగాలు గడచినవి. తాను మనసులో అనుకొన్న రాజకుమారుల పేర్లు సరికదా, వారి మనుమల పేర్లు కూడా వినబడని కాలం వచ్చినది. బ్రహ్మ అతనిని వెనుకకు పంపడు. ఉన్న కాలంలోనే తగిన వరుడు బలరాముడున్నాడని చెప్పి పంపుతాడు. పురాణకర్త కాలాన్ని ముందుకు ఎంతైనా దూకించినాడు; వెనుకకు మాత్రం ఒక్క అడుగు వేయనీయలేదు.

శాపాల విషయంలోనూ నియమం ఇటువంటిదే. ఇచ్చిన శాపాన్ని మునియైనా వెనుకకు తీసుకొనలేడు; దానికి ఒక అవధి కల్పించగలడు, అంతే. పరీక్షిత్తు వేటలో అలసి, మౌనంగా ఉన్న శమీకుని మెడలో చచ్చిన పామును వేసినాడు. శమీకుని కుమారుడు శపించినాడు. తండ్రి అది అన్యాయమని బాధపడినాడే గాని శాపాన్ని రద్దు చేయలేకపోయినాడు. రాజుకు మిగిలినవి ఏడు దినాలు. ఆ ఏడు దినాలను ఆయన ఎట్లు గడిపినాడన్న విషయంలో మన గ్రంథాలు రెండు దారులు చూపినవి. భారతంలో రాజు ఒంటిస్తంభపు మేడలో కావలివారినీ వైద్యులనూ పెట్టుకొని కూర్చుంటాడు. తక్షకుడు ఫలంలో పురుగై ప్రవేశిస్తాడు. భాగవతంలో శాపవార్త తెలియకముందే చేసినదానికి రాజు పశ్చాత్తాపపడతాడు. తెలిసిన తరువాత గంగాతీరంలో కూర్చుండి శుకుని అడిగి వింటాడు. తెలుగువారు పోతన మూలంగా హృదయంలో నిలుపుకొన్నది ఈ రెండవ పరీక్షిత్తును. డూమ్ వినలేనివాడు, పరీక్షిత్తు చివరకు వినడం నేర్చినవాడు.

ఆధునిక భారతీయ సాహిత్యంలో ఈ ప్రశ్నను చరిత్ర రంగంలోకి తెచ్చినవారు ఖగోళశాస్త్రజ్ఞులు జయంత్ విష్ణు నార్లీకర్. 1938లో కొల్హాపూరులో జన్మించి, కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హాయిల్‌తో పరిశోధన చేసి, 1972లో స్వదేశానికి తిరిగి వచ్చిన నార్లీకర్, 1974లో మరాఠీలో విజ్ఞానకథలు వ్రాయనారంభించినారు. తొలి కథను పోటీకి మారుపేరుతో పంపినారు. 2014లో ఆయన మరాఠీ ఆత్మకథకు సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. 2025లో పూణేలో పరమపదించినారు. ఆయన కథ ఒకటి ‘ది అడ్వెంచర్’ అన్న ఆంగ్ల నామంతో పదకొండవ తరగతి పాఠ్యపుస్తకంలో చేరి దేశమంతటా విద్యార్థులకు పరిచితమైనది.

అందులో గంగాధరపంత్ గాయతొండే చరిత్రాచార్యుడు. పానిపట్టు యుద్ధం మరొక విధంగా ముగిసి ఉంటే ఏమై ఉండునని ఆలోచిస్తూ నడుస్తుండగా లారీ ఢీకొన్నది. ఆయన మేలుకొన్నది వేరొక చరిత్రలో. అక్కడ 1761లో మరాఠాలు గెలిచినారు. తూర్పు ఇండియా కంపెనీ విస్తరించలేక కొన్ని రేవు పట్టణాల పలుకుబడితో సరిపెట్టుకొన్నది. బొంబాయి గ్రంథాలయంలో పుస్తకాలు తిరగవేసి, రెండు చరిత్రలు విడిపోయిన చోటును ఆచార్యుడు కనిపెడతాడు. ఆయన ఎరిగిన చరిత్రలో పీష్వా కుమారుడు విశ్వాసరావుకు గుండు తగిలినది. ఈ చరిత్రలో అది చెవి ప్రక్కనుంచి దూసుకొనిపోయినది. భేదమంతా ఆ వెంట్రుకవాసిలో ఉన్నది. ఆ పేజీ ఒకటి ఆయన జేబులో మిగిలిపోతుంది. తిరిగి వచ్చిన తరువాత మిత్రుడు రాజేంద్ర దేశపాండే ఈ అనుభవానికి గణితంనుంచీ క్వాంటం సిద్ధాంతంనుంచీ ఒక వ్యాఖ్యానం చెప్పుతాడు.

గమనించవలసినది, ఈ కథలో యంత్రం లేదు. గుండును ప్రక్కకు త్రిప్పినవాడూ లేడు. ఆచార్యుడు చూచి రాగలిగినాడే గాని దేనినీ దిద్దలేదు. ఆ మరొక భారతదేశంలో ఒక సభావేదిక ఎక్కి మాట్లాడబోతే అక్కడి జనం ఆయనను క్రిందికి దించివేసినారు. పరాయి చరిత్రలో అతిథికి అధ్యక్షపీఠం దొరకదు.

అయితే పానిపట్టు నిజచరిత్ర ఆ ఒక్క గుండు దగ్గర ఆగదు. 1760 ఫిబ్రవరిలో ఉద్గీరు వద్ద హైదరాబాదు నిజామును ఓడించిన ఉత్సాహంతో సదాశివరావు భావు ఉత్తరానికి నియమితుడైనాడు. పూర్వం నిజాం కొలువులో ఉండి ఫ్రెంచి పద్ధతిలో ఫిరంగిదళం నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ ఆయన వెంట వెళ్ళినాడు. సైన్యంతోపాటు స్త్రీలు, యాత్రికులు, వర్తకులు వేలకొలది బయలుదేరినారు. భరతపూరు జాట్ నాయకుడు సూరజ్‌మల్ మధ్యలో విడిపోయినాడు. రాజపుత్రులు కలిసి రాలేదు. అవధ్ నవాబు షుజా ఉద్దౌలా అహమ్మద్ షా అబ్దాలీ పక్షం చేరినాడు. నవంబరు నుంచి రెండు నెలలకు పైగా రెండు సైన్యాలు ఎదురెదురుగా ఉండగా, అబ్దాలీ ఢిల్లీనుంచి వచ్చే ధాన్యపు దారులను కోసివేసినాడు. 1761 జనవరి 14న మరాఠాలు యుద్ధానికి దిగినది ఆకలితో. విశ్వాసరావూ భావూ పడిపోయినారు. పీష్వా బాలాజీ బాజీరావు ఆ జూన్‌లో దుఃఖంతో మరణించినాడు.

ఇప్పుడు కాలయంత్రం గల శాస్త్రజ్ఞుడొకడు వచ్చి ఈ పొరపాటును దిద్దుతానంటే, ఏ పొరపాటును దిద్దమని అడగవలె? గుండునా? సూరజ్‌మల్‌తో తెగిన స్నేహాన్నా? చౌత్ వసూళ్ళతో రాజపుత్రులను దూరం చేసుకొన్న గడచిన ఇరువది సంవత్సరాలనా? ఒక్కొక్క కారణం వెనుక మరొకటి ఉన్నది. గుండు ఒకటే యంత్రానికి అందేది. మిగిలినవి అనేకుల స్వభావాలు, అలవాట్లు, తిరస్కరించిన సలహాలు. డూమ్ గదిలోని దశాంశాలకూ అతని గర్వానికీ ఉన్న సంబంధమే ఇక్కడ గుండుకూ ఈ దీర్ఘకారణాలకూ ఉన్నది.

తెలుగువారి చరిత్రలోనూ ఇటువంటి గాయం ఉన్నది. 1565 జనవరిలో రాక్షస తంగడి యుద్ధంతో విజయనగర వైభవం కూలినది. 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఆదిత్య 369’ చలనచిత్రంలో కాలయంత్రం తెలుగు పాత్రలను శ్రీకృష్ణదేవరాయల కొలువుకే తీసుకొనిపోయినది. రాయల తరువాత రాబోయే వినాశాన్ని తప్పించే పని ఆ చిత్రం పెట్టుకొనలేదు. వారు రాయలనూ తెనాలి రామకృష్ణునీ కన్నులార చూచినారు. ఆ సభను ఒకసారి దర్శించవలెనన్న ప్రేక్షకుల కోరిక తీరినది; దానిని నిలబెట్టడం ఎవరి వశమూ కాలేదు.

గతాన్ని దిద్దుతామన్న వాగ్దానం కథలలో వినోదం; ప్రజాజీవితంలో ప్రమాదం. ఒక గుండు, ఒక ద్రోహి, ఒక రాజు తప్పిపోయి ఉంటే అంతా సవ్యంగా ఉండేదని నమ్మిన జాతి, మిగిలిన కారణాలను తనలో వెదకడం మానుకొంటుంది. ఎవరో ఒకరిని దోషిగా నిలిపి, ఆ దోషి సంతతి అనుకొన్నవారిని నేడు శిక్షించడమే దిద్దుబాటు అనుకొంటుంది. చరిత్రకారుడు కూడా వెనుకకు పోయేవాడే. కాని అతడు ఖాళీ చేతులతో పోతాడు. ధాన్యపు దారులు ఏ రోజున తెగినవో, ఎవరి సలహా ఎందుకు త్రోసివేయబడినదో తెలుసుకొని తిరిగి వస్తాడు. పానిపట్టులో ఆకలిగొన్నవారికి ఆ తెలివిడి అన్నం పెట్టదు. నేడు ఎవరు హెచ్చరిస్తున్నారో, ఎవరు వినడం లేదో గుర్తుపట్టడానికి మాత్రం అది పనికి వస్తుంది. పరీక్షిత్తు ఏడు దినాలకు ఎనిమిదవది చేర్చుకొనలేదు. ఆ ఏడింటినీ వినడానికి వినియోగించినాడు.