క్రమతోర్స్క్ వరస: ఉక్రెయిన్ బాల చదరంగ ప్రతిభపై ఒక పునఃపరిశీలన

చదరంగంలో బాలమేధావుల గురించి ఎవరు వ్యాసం రాసినా రెండో పేరా దాటకముందే 1973 నాటి హెర్బర్ట్ సైమన్, విలియం ఛేజ్‌ల మాట వచ్చి తీరుతుంది. సుమారు పదేళ్ళు ఆటలో తలమునకలు కానిదే ఎవరూ గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరలేదన్నది ఆ మాట. యాభై ఏళ్ళుగా దాన్ని ఉటంకిస్తున్నారే గాని, ఉక్రెయిన్ పిల్లల చరిత్రతో పోల్చి చూసినవాళ్ళు తక్కువ. పోల్చి చూస్తే ఆ సూత్రం నిలవదని నా వాదం. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి జరిగింది. పిల్లవాడు ఎన్నేళ్ళు కూర్చున్నాడని అడగడమే పరిశోధన అయిపోయింది. ఎవరి పక్కన కూర్చున్నాడని అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

ఈ అనుమానం నాకు పుస్తకాల్లో పుట్టలేదు. గుంటూరు, విజయవాడ, హనుమకొండల్లో పిల్లల టోర్నమెంట్లు చూస్తున్నప్పుడు పుట్టింది. రౌండు ముగియగానే కొందరు పిల్లలు నేరుగా అమ్మానాన్నల దగ్గరకు పోతారు. ఫోనులో ఇంజిన్ తెరిచి తప్పు ఎక్కడ జరిగిందో చూసి, టిఫిన్ బాక్సు తీస్తారు. మరికొందరు తమకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడైన ఒక అన్న చుట్టూ చేరతారు. అతను పావులు మళ్ళీ పేర్చి, “ఇక్కడ గుర్రం ఎందుకు వెనక్కి తీశావురా?” అని నిలదీస్తాడు. చిన్నవాడు ఊరుకోడు, “మంత్రి మీదకొస్తుందన్నా” అని వాదిస్తాడు. వాదన ముదిరి బల్ల చుట్టూ మూగినవాళ్ళంతా తలా ఒక ఎత్తు చెబుతారు. నా గమనికలో తర్వాతి టోర్నమెంటుకు మెరుగుపడి వచ్చింది ఎక్కువగా ఈ రెండో రకం పిల్లలే. ఆ గమనికే నన్ను దొనెత్స్క్ ప్రాంతంలోని ఒక యంత్రాల కర్మాగారాల ఊరి చరిత్రకు తీసుకెళ్ళింది.

ముందు సైమన్, ఛేజ్‌ల సంగతి. వాళ్ళ ప్రసిద్ధ జ్ఞాపకశక్తి ప్రయోగంలో ఆటగాళ్ళు ముగ్గురే: ఒక మాస్టర్, ఒక మధ్యస్థాయి ఆటగాడు, ఒక కొత్తవాడు. బోర్డును ఐదు సెకన్లు చూపించి, పావుల్ని గుర్తున్నంత మేరకు పేర్చమన్నారు. నిజమైన ఆటల్లోని స్థితుల్ని మాస్టర్ చాలావరకు పేర్చగలిగాడు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లిన బోర్డు దగ్గర అతనికీ కొత్తవాడికీ తేడా దాదాపు మాయమైంది. దీన్నుంచి మాస్టర్ మెదడులో వేల పావుల అమరికలు నిల్వ ఉంటాయని, అవి చేరడానికి ఏళ్ళు పడతాయని తేల్చారు. డచ్ మనస్తత్వవేత్త అద్రియాన్ డి గ్రోట్ వేసిన బాటలో ఇది విలువైన ప్రయోగమే, కాదనను. కానీ ఆ గదిలో ప్రతివాడూ ఒంటరిగా బోర్డు ముందు కూర్చున్నాడు. ఆ అమరికలు అతనికి ఎవరి చేతిమీదుగా వచ్చాయో ప్రయోగం అడగలేదు, అడిగే ఏర్పాటూ అందులో లేదు. ఒంటరి మనిషిని కొలిచే సాధనంతో మొదలుపెట్టినవాళ్ళకు ఒంటరి మనిషి శ్రమే కారణంగా కనిపించడంలో వింత లేదు.

ఇక లెక్కలు చూద్దాం. రుస్లాన్ పొనొమార్యోవ్ 1983 అక్టోబరులో బొగ్గు గనుల ఊరు హోర్లివ్కాలో పుట్టాడు. ఐదేళ్ళప్పుడు తండ్రి దగ్గర ఆట నేర్చాడు. పన్నెండేళ్ళకు, 1996లో, పద్ధెనిమిదేళ్ళలోపు వారి యూరోపియన్ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది అదే విభాగంలో ప్రపంచ టైటిల్ కొట్టాడు. 14 ఏళ్ళ 17 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టరయ్యాడు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. అంటే తొమ్మిదేళ్ళు. సెర్గీ కర్యాకిన్ 1990 జనవరి 12న క్రిమియాలోని సింఫెరొపోల్‌లో పుట్టాడు. అతనూ ఐదేళ్ళకే మొదలుపెట్టి 12 ఏళ్ళ 7 నెలలకు, 2002 ఆగస్టులో, గ్రాండ్‌మాస్టరయ్యాడు. అంటే ఏడున్నరేళ్ళు. 2021లో అమెరికా బాలుడు అభిమన్యు మిశ్రా దాటేదాకా ఆ రికార్డు దాదాపు పందొమ్మిదేళ్ళు నిలిచింది. సైమన్, ఛేజ్‌ల కాలానికి గ్రాండ్‌మాస్టర్లు తక్కువనీ, కంప్యూటర్లు వచ్చాక ఏళ్ళు కుదించుకుపోయాయనీ ఆ పక్షం వాళ్ళు అంటారు. కంప్యూటర్ ప్రపంచమంతటా వచ్చింది, రికార్డు మాత్రం పందొమ్మిదేళ్ళు కర్యాకిన్ పేరనే ఉంది.

హోర్లివ్కా పిల్లవాడూ సింఫెరొపోల్ పిల్లవాడూ కలిసింది క్రమతోర్స్క్‌లో, ఎ. వి. మోమొత్ పేరు మీద నడిచిన చదరంగ క్లబ్బులో. క్రమతోర్స్క్ రాజధాని కాదు, విశ్వవిద్యాలయాల నగరమూ కాదు, భారీ యంత్రాలు తయారుచేసే కార్మికుల పట్టణం. సోవియట్ యూనియన్ కూలిపోయి, జీతాలు సమయానికి అందని 1990లలో ఆ ఊళ్ళో ఒక క్లబ్బు వేరే ఊళ్ళ పిల్లల్ని తెచ్చి ఒకచోట కూర్చోబెట్టింది. ఉక్రెయిన్ విజయాలన్నిటినీ సోవియట్ వారసత్వం ఖాతాలో వేసేవాళ్ళు ఈ ఒక్క విషయమూ దాటేస్తారు. ఈ పిల్లల్లో చాలామంది బడికి పోయే నాటికి ఆ రాజ్యమే లేదు.

ఆ క్లబ్బు పిల్లల పుట్టిన సంవత్సరాలు వరసగా రాసి చూడండి. పొనొమార్యోవ్ 1983. లుహాన్స్క్ ప్రాంతం నుంచి వచ్చిన అలెగ్జాండర్ అరెష్చెంకో 1986, ఇతను 2005లో ఉక్రెయిన్ జాతీయ చాంపియన్. ల్వివ్ అమ్మాయి కాటెరీనా లాహ్నో 1989 చివర. కర్యాకిన్, యూరీ కుజుబోవ్ 1990, వీళ్ళలో కుజుబోవ్ కూడా పద్నాలుగేళ్ళకే గ్రాండ్‌మాస్టర్. ఒక్కొక్కరి మధ్య నాలుగేళ్ళ లోపు మెట్లు. ఏ పిల్లవాడికైనా తనకంటే కొంచెం పైనున్నవాడు ఒకడు ఎదురుగా ఉన్నాడు. నిన్న తను చేసిన తప్పే ఇవాళ వీడు చేస్తున్నాడని గుర్తుపట్టగలిగేంత దగ్గరివాడు. నలభై ఏళ్ళ కోచ్‌కు పదేళ్ళవాడి తప్పు సిల్లీగా కనిపిస్తుంది. పదమూడేళ్ళవాడికి అది ఇంకా బతికున్న తప్పు. దీన్నే నేను క్రమతోర్స్క్ వరస అంటున్నాను.

దీనికి నా దగ్గరున్న బలమైన సాక్ష్యం 2002 జనవరి, మాస్కో. ఫిడే ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఇద్దరూ ఉక్రెయిన్ వాళ్ళే. ఒకవైపు ముప్ఫై రెండేళ్ళ వాసిల్ ఇవాన్‌చుక్. ఇరవై ఒక్క ఏళ్ళకే, 1991లో, లినారెస్‌లో కాస్పరోవ్‌ను వెనక్కి నెట్టి మొదటి స్థానం తెచ్చుకున్నవాడు, ఆ తరం మొత్తానికి పెద్దన్న. మరోవైపు పద్ధెనిమిదేళ్ళ పొనొమార్యోవ్. అంతటి మ్యాచ్‌కు పొనొమార్యోవ్ తన సెకండ్లలో ఒకడిగా ఎవరిని పెట్టుకున్నాడు? అప్పుడే పన్నెండేళ్ళు నిండిన కర్యాకిన్‌ని. సెకండ్ పనేమిటో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. రాత్రి ప్రత్యర్థి పాత ఆటలు తిరగేసి, ఓపెనింగులో ఎక్కడ పక్కకు తప్పుకోవచ్చో వెతికి, పొద్దునకల్లా ఒక ఎత్తుల వరసను అప్పజెప్పాలి. అది తప్పయితే మునిగేది ప్రపంచ కిరీటం. ఆ బాధ్యతలో ఆరో తరగతి వయసు పిల్లవాడికి వాటా దక్కింది. పొనొమార్యోవ్ 4.5–2.5 తేడాతో గెలిచి, ఫిడే ప్రపంచ చాంపియన్లలో అత్యంత పిన్నవయస్కుడయ్యాడు. ఆ రాత్రుల్లో కర్యాకిన్ నేర్చుకున్నది ఏ పాఠ్యపుస్తకమూ పదేళ్ళలో నేర్పలేదు. అదే ఏడాది ఆగస్టులో, సుదాక్ టోర్నమెంటుతో, అతను గ్రాండ్‌మాస్టరయ్యాడు. మాస్కోకూ సుదాక్‌కూ మధ్య ఏడు నెలలు. ఈ రెండూ వేర్వేరు సంఘటనలని నాతో ఎవరూ ఒప్పించలేరు.

మధ్యలో, ఆ వసంతంలోనే, లాహ్నో 12 ఏళ్ళ 4 నెలలకు మహిళా గ్రాండ్‌మాస్టరై తన రికార్డు తను పెట్టింది. ఒకే క్లబ్బు నుంచి ఎనిమిది నెలల్లో ఒక ప్రపంచ చాంపియన్, రెండు ప్రపంచ రికార్డులు. ఒంటరి శ్రమ సిద్ధాంతం ఈ గుంపును యాదృచ్ఛికమనాలి. నాకు అంత ధైర్యం లేదు. (అదే 2002 మేలో మన కోనేరు హంపి, తండ్రి అశోక్ శిక్షణలో, 15 ఏళ్ళ 1 నెల 27 రోజులకు గ్రాండ్‌మాస్టరై జూడిత్ పోల్గార్ రికార్డును దాటిందన్నది నిజమే.)

మరో సంగతి పరిశోధకుల కంట అసలు పడలేదు. అలూష్తా, సుదాక్ వంటి క్రిమియా సముద్రతీరపు ఊళ్ళలో ఆ రోజుల్లో చిన్న చిన్న అంతర్జాతీయ టోర్నమెంట్లు నడిచేవి. గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కోసం మన పిల్లలు ఇప్పటికీ బుడాపెస్ట్‌కో సెర్బియాకో విమానం ఎక్కుతారు. వెంట నాన్న, చేతిలో బ్యాంకు అప్పు. ఉక్రెయిన్ పిల్లవాడికి గ్రాండ్‌మాస్టర్లు సొంత దేశంలోనే దొరికేవారు, రాత్రి రైలెక్కితే పొద్దున వాళ్ళతో ఆడొచ్చు. పక్కన కూర్చునే అన్నలు క్లబ్బులో ఉంటే, ఎదురు కూర్చునే పెద్దవాళ్ళు కొంత దూరంలో ఉన్నారు. ఇది డబ్బు విషయం మాత్రమే కాదు. ఓడిపోయిన పిల్లవాడు వచ్చే నెల మళ్ళీ ఆడగలడు. మన పిల్లవాడికి ఆ ఒక్క ప్రయాణమే ఏడాది మొత్తం.

ఈ వరస జాతీయ జట్టు దాకా పాకింది. 2004లో స్పెయిన్‌లోని కాల్వియాలో జరిగిన ఒలింపియాడ్‌లో ఉక్రెయిన్ 56కు 39.5 పాయింట్లతో, రెండో స్థానంలోని రష్యా కంటే మూడు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని స్వర్ణం గెలిచింది. మొదటి బోర్డు మీద ముప్ఫై ఐదేళ్ళ ఇవాన్‌చుక్, రెండో బోర్డు మీద ఇరవై ఒక్క ఏళ్ళ పొనొమార్యోవ్, ఆ వెనక పద్ధెనిమిదేళ్ళ ల్వివ్ కుర్రాడు ఆంద్రీ వొలొకితిన్, చివర పద్నాలుగేళ్ళ కర్యాకిన్. చివరివాడు ఏడు ఆటల్లో 6.5 చేశాడు. అదే ఏడాది బిల్బావోలో మనుషులకూ యంత్రాలకూ జరిగిన పోటీలో డీప్ జూనియర్ ప్రోగ్రామును ఓడించాడు.

ల్వివ్ పేరు వచ్చింది గనుక ఒక ఆక్షేపణను ఇక్కడే తీర్చాలి. పశ్చిమ ఉక్రెయిన్‌లో విక్టర్ కార్ట్ అనే ఒక్క గురువు ఒక తరాన్ని తయారుచేశాడు కదా, అక్కడ వరస ఏది అంటారు. కార్ట్ శిష్యుల పుట్టిన సంవత్సరాలు చూడండి: రొమానిషిన్ 1952, బెల్యావ్‌స్కీ 1953, మిఖల్చిషిన్ 1954. ఇంతకన్నా బిగువైన వరస ఎక్కడుంది? గురువు పేరు చరిత్రలో నిలిచింది, కుర్రాళ్ళు ఒకరికొకరు నేర్పుకున్నది నిలవలేదు. ఇవాన్‌చుక్ మాత్రం ఇలాంటి ఏ గుంపులోంచీ వచ్చినట్టు కనబడడు.

తల్లిదండ్రులిద్దరూ కోచ్‌లైన ముజిచుక్ అక్కచెల్లెళ్ళను కూడా నా వాదానికి అడ్డుగా చూపిస్తారు. నిజానికి వాళ్ళు ఈ వరసకు అతి చిన్న రూపం. అన్నా 1990, మరియా 1992. స్త్రియ్ పట్టణంలోని ఒకే ఇంట్లో ఒకే బోర్డు ముందు పెరిగారు. తెలుగు పాఠకులకు 2015 సోచి గుర్తుండే ఉంటుంది. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ నాకౌట్‌లో మరియా క్వార్టర్ ఫైనల్లో హంపిని, సెమీఫైనల్లో ద్రోణవల్లి హారికను ఓడించి, ఫైనల్లో పొగొనినాను గెలిచి చాంపియన్ అయింది. అదే పోటీలో అక్క కూడా ఆడింది. మన హంపి, హారికలు ప్రతిభలో ఎవరికీ తీసిపోరు. కానీ గుడివాడ, గుంటూరు బిడ్డలు చిన్ననాటి నుంచీ వేర్వేరు ఇళ్ళలో, వేర్వేరు శిక్షణల్లో, ఒకరికొకరు ప్రత్యర్థులుగా పెరిగారు. వాళ్ళిద్దర్నీ పదేళ్ళ వయసులో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ప్రపంచ మహిళా కిరీటం ఈపాటికి కృష్ణా తీరానికి వచ్చి ఉండేదని నేను నమ్ముతున్నాను.

వరస తెగితే ఏమవుతుందో కూడా ఉక్రెయినే చూపింది. కర్యాకిన్ 2009లో రష్యాకు మారాడు. 2016లో న్యూయార్క్‌లో కార్ల్‌సన్‌తో ప్రపంచ కిరీటం కోసం తలపడి ర్యాపిడ్ టైబ్రేక్‌లో ఓడినప్పుడు అతని ముందున్న జెండా రష్యాది. 2022లో దండయాత్రను బాహాటంగా సమర్థించినందుకు ఫిడే అతన్ని ఆరు నెలలు నిషేధించింది. లాహ్నో 2014లో రష్యాకు వెళ్ళింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి జులై దాకా క్రమతోర్స్క్ సాయుధ వేర్పాటువాదుల చేతిలో ఉంది. పొనొమార్యోవ్ పుట్టిన హోర్లివ్కా ఇప్పటికీ ఉక్రెయిన్ చేతికి రాలేదు. విన్నిత్స్యా కుర్రాడు ఇల్యా నిజ్నిక్ పద్నాలుగేళ్ళకు గ్రాండ్‌మాస్టరై, తర్వాత చదువుకు అమెరికా వెళ్ళాడు. కీవ్‌లో పుట్టి పద్నాలుగేళ్ళకే గ్రాండ్‌మాస్టరైన కిరిల్ షెవ్‌చెంకో 2023లో రొమేనియాకు మారాడు. 2009లో పుట్టి టీనేజీలోనే గ్రాండ్‌మాస్టరైన ఇహోర్ సమునెన్‌కోవ్ లాంటి పిల్లలు సైరన్ల మధ్య, మూసిన విమానాశ్రయాల మధ్య ఎదుగుతున్నారు. టోర్నమెంటుకు పోవాలంటే ముందు రోడ్డో రైలో పట్టుకుని సరిహద్దు దాటాలి. వాళ్ళలో ప్రతిభకు కొదవ లేదు. కొదవ ఉన్నది బల్ల చుట్టూ చేరే అన్నలకు, అక్కలకు.

2022 ఆగస్టులో మామల్లపురం ఒలింపియాడ్ జరిగినప్పుడు యుద్ధం మొదలై ఆరో నెల. ఉక్రెయిన్ మహిళల జట్టులో అన్నా ఉషెనినా 1985, అన్నా ముజిచుక్ 1990, మరియా 1992, నతాలియా బుక్సా 1996, యూలియా ఒస్మాక్ 1998. వీళ్ళలో పెద్దామె 2012 ప్రపంచ మహిళా చాంపియన్, నాలుగో ఆమె 2015 బాలికల ప్రపంచ జూనియర్ చాంపియన్. చివరి రౌండు దాకా ముందున్న భారత జట్టు, హంపి, హారికలతో సహా, కాంస్యానికి దిగింది. స్వర్ణం ఉక్రెయిన్ తీసుకుంది. అందుకే అర్జున్ ఎరిగైసి వచ్చిన హనుమకొండలో, హరికృష్ణ, హారికలు వచ్చిన గుంటూరులో ప్రభుత్వం చదరంగానికి డబ్బు పెట్టేటప్పుడు ఒక్క పిల్లవాడి విదేశీ ప్రయాణానికి చెక్కు రాయడం మాని, ఎనిమిది నుంచి పదిహేడేళ్ళ దాకా మూడేళ్ళ ఎడంతో నలుగురేసి పిల్లల్ని ఏరి, ఒకే హాస్టల్లో, ఒకే బల్ల దగ్గర ఉంచే క్లబ్బులకు ఆ డబ్బు ఇవ్వాలి. పెద్దవాడు నార్మ్ టోర్నమెంటుకు వెళ్తే చిన్నవాణ్ణి సెకండుగా వెంట పంపాలి.