కచేరీ రికార్డు

జనం ముందు ఒక్క విడతలో పాడిన పాటను తప్పొప్పులతో సహా పట్టి ఉంచిన ముద్రణను కచేరీ రికార్డు అంటారు. తెలుగునాట దీని చరిత్ర గ్రామఫోన్ కంపెనీల జాబితాల్లో కొంతే దొరుకుతుంది. మిగతాదంతా రేడియో టేపుల్లో, అభిమానులు దాచుకున్న స్పూళ్ళలో, జాతర అంగళ్ళలో అమ్మిన క్యాసెట్లలో ఉంది. అందుకే దీన్ని బేరీజు వేసే పద్ధతి మనకు విడిగా ఏర్పడలేదు. సినిమా పాటను కొలిచే కొలతతోనే దీన్నీ కొలుస్తూ వచ్చాం. పండిపోయిన గొంతు విషయంలో ఆ కొలత బొత్తిగా నప్పదు.

భారతదేశంలో గ్రామఫోన్ ముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. ముద్రణ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ గాయని గౌహర్ జాన్ చేత పాడించిన పాటలు ఆ తొలి విడతలోవే. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలు. తెలుగు రంగస్థల గాయకులు ప్లేట్లకు ఎక్కినప్పుడు వచ్చిన చిక్కు ఇక్కడే. నాటకంలో పద్యం చివర రాగం ఎంతసేపు తీయాలన్నది సభ తేల్చే సంగతి. ‘వన్స్ మోర్’ అని కేక పడితే శవం పాత్ర వేసినవాడు కూడా లేచి మళ్ళీ పాడాడన్న ఛలోక్తి ఊరికే పుట్టలేదు. ప్లేటు మీద ఆ కేక లేదు, సాగదీయడానికి చోటూ లేదు. కాబట్టి తొలినాటి ప్లేట్లు రంగస్థల గాయకులవే గాని, రంగస్థలానివి కావు.

ఆ రంగస్థలానికి ప్రాణవాద్యం హార్మోనియం. 1840ల్లో పారిస్‌లో డెబాన్ పేటెంటు తీసుకున్న ఈ వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతితో తిత్తి కొట్టుకునేలా మార్చాడు. కాలితో తొక్కే రకం మన నాటక సమాజాల్లో స్థిరపడింది. మెట్టుకు మెట్టుకు మధ్య జారడం దానికి చేతకాదు కనుక గమకం పలకదు. ఈ లోపాన్నే ఎత్తి చూపుతూ ఆకాశవాణి 1940 మార్చిలో దాన్ని బహిష్కరించింది. మళ్ళీ రానిచ్చింది 1971లో, అదీ షరతులతో. ఆ మూడు దశాబ్దాల రేడియో టేపులు ఎంత విలువైనవైనా, ఊళ్ళో పందిరి కింద పద్యం ఎలా వినిపించేదో చెప్పడంలో అవి సగం సాక్ష్యమే.

నిషేధం సడలిన ఆ ఏడే ఘంటసాల వెంకటేశ్వరరావు ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా దేశాలు తిరిగి కచేరీలు చేశారు. 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టి, విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్న ఆయనకు అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. పాతికేళ్ళ సినిమా పాట ఆ గొంతు మీదుగా సాగిపోయింది. ఒంట్లో మధుమేహం ఉంది. పక్కన హార్మోనియం పట్టింది పట్రాయని సంగీతరావు, ఆ గురువుగారి కుమారుడే. అంటే పాడే గొంతూ, దాన్ని అనుసరించే వేళ్ళూ ఒకే ఇంటి చదువు చదివాయన్నమాట. ఇలాంటి జత అన్నిసార్లూ కుదరదు.

ఘంటసాల కచేరీ ముద్రణలను సినిమా రికార్డు పక్కన పెట్టి ‘గొంతు తగ్గింది’ అని పెదవి విరిచేవాళ్ళు ఉన్నారు. తగ్గిన మాట నిజమే. అయితే ఆయన సినిమా పాటలు పాడిన తొలి రోజుల్లో గాయకుడూ వాద్యబృందమూ కలిసి ఒక్క టేకులో పాడి వాయించాల్సిందే. ముక్కలు ముక్కలుగా పాడి అతికించే పద్ధతి తర్వాత వచ్చింది. కాబట్టి ఆయనకు స్టూడియో కూడా ఒక రకం కచేరీయే. అసలు తేడా మరోచోట ఉంది. స్టూడియోలో వయొలిన్ల బృందం మోసే బరువును కచేరీలో ఒక హార్మోనియం, ఒక తబలా మోయాలి. ఊపిరి అందని చోట వాక్యాన్ని ఎక్కడ విరవాలి, ఏ అక్షరం మీద ఆగితే అర్థం చెడదు, ఎక్కడ వాద్యానికి వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడికక్కడ జరిగిపోవాలి. పద్యంలో నాటకాల వాళ్ళ సుదీర్ఘ రాగాలను కుదించి మాటకు పెద్దపీట వేసిన ఆయన పద్ధతి ఇక్కడే అక్కరకు వచ్చింది. యవ్వనంలో రుచి కోసం ఎంచుకున్న పొదుపు నడివయసులో ఆసరా అయింది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ లాంటి పద్యాలకు కావలసింది కూడా కంఠబలం కంటే మాట విరుపే.

1973లో ఆయన హెచ్.ఎం.వి.కి భగవద్గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక అది విడుదలైంది. దాని నిదానం చాలామందికి భక్తిగా వినిపిస్తుంది. కచేరీ టేపులు విన్నవాడికి అందులో ఊపిరి లెక్క కూడా వినిపిస్తుంది.

పియానో ముందు కూర్చుని పాడే రాక్ గాయకుల్లోనూ ఇలా గొంతు తగ్గినా నిలిచిన కచేరీకి దగ్గరి ఉదాహరణ ఉంది. ఎల్టన్ జాన్ 1970 నవంబర్ 17న న్యూయార్క్‌లో ఒక స్టూడియోలో కొద్దిమంది శ్రోతల ముందు రేడియో కోసం పాడింది మరుసటి ఏడు రికార్డుగా వచ్చింది. పియానో, బాస్, డ్రమ్స్ తప్ప ఇంకేం లేవు, ఉడుకు నెత్తురు. 1986 డిసెంబర్‌లో సిడ్నీలో మెల్‌బోర్న్ సింఫనీ బృందంతో పాడేసరికి స్వరతంత్రుల మీద కాయలు కాసి గొంతు బొంగురుపోయింది. మరుసటి నెలలోనే శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత పై స్థాయి సన్నగొంతు పోయి, స్వరం కిందికి దిగింది. అయినా ఆ బొంగురు గొంతుతో పాడిన ‘క్యాండిల్ ఇన్ ది విండ్’ సింగిల్‌గా విడుదలై బాగా ఆడింది. వినేవాళ్ళు నునుపు కోసం మాత్రమే రికార్డు కొనరని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక బేరీజు సంగతి. ముందుగా చూడాల్సింది శ్రుతి. అయిదు శ్రుతిలో పాడిన గాయకుడు పెద్దయ్యాక నాలుగున్నరకో నాలుగుకో దిగడం తప్పేమీ కాదు. దిగకుండా మొండికేసి పై షడ్జమం దగ్గర అరవడమే తప్పు. రెండోది, వాద్యకారుడికి ఎంత చోటిచ్చాడన్నది. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో హార్మోనిస్టు అదే వాక్యాన్ని తిరిగి పలికిస్తే అది అలంకారం కాదు, కాపు కాయడం. చప్పట్లను మాత్రం పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కొన్ని చోట్ల వాటిని తర్వాత కలుపుతారు. పాటకు ముందు గుసగుస, మధ్యలో నిశ్శబ్దం, పద్యం ముగియక ముందే తొందరపడి లేచిన ఒక్క కేక, ఇవి నమ్మదగ్గ సాక్ష్యాలు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన పల్లెలకు చేరింది ఎనభైల్లో. దాంతో కంపెనీలు పట్టించుకోని గొంతులు బయటికి వచ్చాయి. డోలు దెబ్బ మీద కథను పాడి చెప్పే ఒగ్గుకథ వాటిలో పెద్దది. జనగామ ప్రాంతపు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య, వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళలో ప్రసిద్ధులు. సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2017లో ఆయన మరణించారు. ఒగ్గుకథలో ముసలి గొంతుకు దారి కళలోనే ఉంది. ప్రధాన కథకుడు మాట ఎత్తి ఇస్తే వంతవాళ్ళు అందుకుంటారు, డోలు నడుపుతుంది, తాళాలు పట్టి నిలుపుతాయి. వయసు మళ్ళిన కథకుడి టేపులో పాట తగ్గి వచనం పెరిగిందంటే కథ పలచబడిందని అనుకోకూడదు. నిజానికి చాలాసార్లు కథ అక్కడే చిక్కబడుతుంది.

ముసలి గొంతు గురించిన ఈ మాటను సూర్యాపేట జిల్లాలో, చివ్వెంల మండలం దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద పరీక్షించి చూడవచ్చు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో అయిదు రోజులు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. 2025లో ఫిబ్రవరిలో జరిగింది. తెలంగాణలో మేడారం తర్వాత పెద్ద జాతరగా దీన్ని చెబుతారు. యాదవులు గజ్జెల లాగులు తొడిగి, భేరీలు మోగిస్తూ, ‘ఓ లింగా’ అంటూ గట్టెక్కుతారు.

ఇక్కడి పాటను ఇప్పుడు ముద్రిస్తున్నవి సెల్‌ఫోన్లే. ఫోన్‌లో మోతను బట్టి మైకు స్థాయిని తనంతట తానే తగ్గించే, పెంచే ఏర్పాటు ఉంటుంది. భేరి మీద దెబ్బ పడగానే అది స్థాయిని కిందికి లాగేస్తుంది. దెబ్బతోపాటు పాడేవాడి గొంతూ మునుగుతుంది. దెబ్బ ఆగాక మెల్లగా తేలుతుంది. వీడియో చూసి ‘పెద్దాయనకు ఊపిరి ఆడటం లేదు’ అనేవాళ్ళు వింటున్నది చాలాసార్లు ఆ యంత్రం ఊపిరినే. భేరీలకు కాస్త దూరంగా, పాడేవాడి ఛాతీ ఎత్తున మైకు పెట్టి, ఆ ఏర్పాటును ఆపేస్తే అదే గొంతు నిండుగా వస్తుంది. పక్కన డీజే పెట్టెలు మోగుతుంటే మాత్రం ఏ ఉపాయమూ పారదు.

హక్కుల లెక్క ఆలస్యంగా తేలింది. కళాకారుడి ప్రదర్శనపై హక్కును భారత కాపీరైట్ చట్టం 1994 సవరణతో గుర్తించింది. 2012 సవరణ దాన్ని బలపరిచింది. 2017 మార్చిలో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని సంగీత దర్శకుడు ఇళయరాజా లీగల్ నోటీసు పంపడంతో వేదిక మీది పాటకూ యజమాని ఉంటాడని మామూలు శ్రోతకు తెలిసింది. జాతర వీడియోల్లో ఈ చర్చే లేదు. అక్కడ పాట సంప్రదాయానిది, ప్రదర్శన మాత్రం పాడినవాడిది. చట్టం ఆ రెండో దాన్ని గుర్తిస్తుంది గాని, వీడియో కింద తీసినవాడి ఛానల్ పేరు కనిపించినంత తరచుగా పాడినవాడి పేరు కనిపించదు.