బెంగుళూరు నాగరత్నమ్మ
బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952): దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని, పండితురాలు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ అచ్చుప్రతిలో కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగం, కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని గమనించారు. రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠం వెలువరించారు. ఆడదాని నోట రాకూడని పద్యాలని కందుకూరి వీరేశలింగం తప్పుపట్టారు. మరి మగకవుల శృంగారానికి ఆ నియమం లేదేమని నాగరత్నమ్మ నిలదీశారు. ఆ ప్రశ్న పదును నేటికీ తగ్గలేదు. ఆంగ్లేయ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఇక సంగీతం విషయానికొస్తే, తన ఆస్తి వెచ్చించి తిరువయ్యారులో వాగ్గేయకారుడు త్యాగరాజు సమాధికి మందిరం కట్టించారు. అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోతే, వాళ్లను కూడగట్టి విడిగా కచేరీలు జరిపించారు. ఇప్పుడు ఆ సమాధికి ఎదురుగా ఆమె శిలావిగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది.