లక్కపిడతల నుంచి లబూబూ దాకా: బొమ్మలు నడిచిన దారి

తుమ్మపాలలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. జపాన్‌లో ఒక దుకాణం కొద్దిగానే అమ్మిన గుండమ్ బొమ్మ కావాలని పోయినేడు పట్టుబట్టాడు. ఆ దుకాణం జపాన్ దాటి పంపదు. అందుకని అక్కడి గోదాము చిరునామా ఒకటి సంపాదించాడు. వాడి పేరు, పక్కన ఒక అంకె, కింద జపాన్ వీధి. బొమ్మ అక్కడికి చేరాక వాళ్లు తూచి, మళ్లీ కట్టి, విమానం ఎక్కిస్తారు. తూకమంటే బరువే కాదు. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అసలు బరువు కంటే ఆ లెక్కే ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. లోపల గాలికి కూడా కిరాయే!

డబ్బా కస్టమ్స్ దగ్గర నెల రోజులు ఆగింది. వీడు రోజూ ఫోన్లో ట్రాకింగ్ చూసుకుంటూ కూచున్నాడు. పిన్ని చూసి చూసి, "బొమ్మ కోసం ఇంత బాధేటిరా? ఏటికొప్పాక వెళ్తే బుట్టెడు రావేటి?" అంది. వాడు నవ్వేశాడు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. ఎందుకంటే ఏటికొప్పాక ఇక్కడికి గంట ప్రయాణం, మన అనకాపల్లి జిల్లాలోదే. పైగా దూరదేశం నుంచి బొమ్మ తెప్పించుకునే ఈ తంతు వీడితో మొదలైంది కాదు. ఒకప్పుడు ఈ తీరం నుంచే వస్తువులు అటు వెళ్లేవి.

పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం ఏనుగు దంతం పనికి పేరుమోసింది. గంధపు చెక్క పెట్టెలు, బల్లలు, కుర్చీల మీద దంతం రేకులు తాపడం చేసేవాళ్లు. రేకు మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. కొనేవాళ్లు ఎక్కువగా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు. ఇంగ్లండ్ నుంచి అచ్చు బొమ్మలు తెచ్చి చూపిస్తే, వాటిని ఇక్కడి పనివాళ్లు దంతం మీదకి ఎక్కించేవారు. తర్వాత ఆ పెట్టెలు ఓడలెక్కేవి. లండన్‌లో కూచున్న బంధువుకి విశాఖలో ఉన్న ఉద్యోగే మధ్యవర్తి. ఇవాళ్టి గోదాము చిరునామా చేసే పని అప్పుడు ఆ ఉద్యోగి చేశాడన్నమాట. ఆ పెట్టెలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఊరి పేరు ఉంటుంది. చేసినవాడి పేరు దాదాపు ఎక్కడా ఉండదు.

అదే లక్క, వేరే చేతుల్లో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో కనిపిస్తుంది. ఇక్కడ దంతం లేదు, అంకుడు కర్ర ఉంది. మెత్తగా ఉంటుంది, చెక్కితే చక్కగా తిరుగుతుంది. తిరిగే కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. మన ఇళ్లల్లో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు ఇలా పుట్టినవే.

ఇరవయ్యో శతాబ్దంలో రసాయన రంగులు వచ్చాయి. చవక, ముదురు, తొందరగా పనవుతుంది. కానీ చంటిపిల్ల ఏ బొమ్మనైనా ముందు నోట్లోనే పెట్టుకుంటుంది కదా! ఏటికొప్పాక వాడే చింతలపాటి వెంకటపతి రాజు చేతిపనివాళ్లతో కలిసి మళ్లీ చెట్ల రంగులవైపు తిరిగారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లక్కలో కలిశాయి. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ తిరగడం ఎంత ముందుచూపో 2007లో తెలిసింది. ఆ ఏడు మాటెల్ కంపెనీ చైనాలో చేయించిన లక్షల బొమ్మల్ని రంగులో సీసం ఉందని వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడు అమెరికా కొత్త చట్టం తెచ్చింది. దాని ప్రకారం రంగులో సీసం పరిమితి పదిలక్షల పాళ్లలో 600 నుంచి 90కి దిగింది.

మన దగ్గర తలుపులు 2019 చివర్నుంచి బిగుసుకున్నాయి. విదేశం నుంచి పోస్టులో, కొరియర్‌లో 'కానుక' అని రాసి తెప్పించుకోవడాన్ని ఆ డిసెంబర్లో ఆపేశారు. రాఖీలకీ ప్రాణం కాపాడే మందులకీ మాత్రం మినహాయింపు ఇచ్చారు. 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సొంతానికి తెప్పించుకునేవాటికి వేరే పద్దు ఉంది గానీ, సొంతానికా అమ్మకానికా అన్న ప్రశ్న వచ్చిందా, డబ్బా అక్కడే కూచుంటుంది.

ఇందులో తమాషా ఒకటుంది. చైనా నాసిరకాన్ని ఆపడానికి రాసిన ఆ గుర్తు నియమం ఏటికొప్పాక మీదా పడేదే. కర్ర తిప్పుకునే మనిషి ప్రయోగశాల పరీక్షలకి ఎక్కడికి పోతాడు? 2020 డిసెంబర్లో, హస్తకళల శాఖలో నమోదైన చేతిపనివాళ్లనీ జి.ఐ. గుర్తింపు ఉన్న వస్తువుల్నీ మినహాయించారు. ఏటికొప్పాకకి ఆ గుర్తింపు 2017లోనే వచ్చింది కాబట్టి బతికిపోయింది.

తలుపు అటునుంచీ మూసుకుంటుంది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అమెరికాకి వస్తువులు తీసుకోవడం ఆపింది. మళ్లీ మొదలయ్యేసరికి అక్టోబర్ 15. డాలస్‌లో ఉన్న మనవరాలికి లక్కపిడతలు పంపాలనుకున్న అమ్మమ్మకి ఆ దసరా అలాగే గడిచింది. అదే ఏడు రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే.

ఆ జూన్‌లోనే బీజింగ్ వేలంలో మనిషెత్తు లబూబూ ఒకటి పది లక్షల యువాన్లు దాటింది. దాన్ని గీసింది కసింగ్ లుంగ్ అని ప్రపంచానికంతా తెలుసు. బొమ్మకి ఆ విలువ తెచ్చింది అరుదుతనం ఒక్కటే అనుకోను. అరుదు అంటే, చేత్తో తిప్పిన లక్కపిడత ఏ రెండూ ఒక్కలా ఉండవు. అంకుడు కర్ర దొరకడం ఏటేటా కష్టమవుతోంది. రేపు నిజంగానే 'స్టాక్ లేదు' అనిపించుకునేవి ఇవే కావచ్చు. లబూబూకి ఉండి వీటికి లేనిది ఒక పేరు. విశాఖ దంతం పెట్టెలకి లేనిదీ అదే.

మా వాడి గుండమ్ చివరికి వచ్చింది, ఓ మూల నలిగిన డబ్బాలో. సుంకం, గోదాము అద్దె కలిపితే బొమ్మ ధరని దాటిపోయాయి. ఆ వారమే వాణ్ణి బండెక్కించుకుని ఏటికొప్పాక తీసుకెళ్లాను. వాడొక లక్కపిడతల బుట్ట కొన్నాడు. డబ్బులిచ్చాక, "ఇది చేసిందెవరండీ?" అని అడిగాడు. దుకాణంలో ఆయన కాస్త తడబడి, లోపలికి వెళ్లి ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆ పెద్దాయన పేరు మా వాడు బుట్ట అడుగున పెన్నుతో రాసుకున్నాడు.