కంప్యూటర్ పరీక్షలు - దివ్యాంగులకు సదుపాయాలు

దివ్యాంగ విద్యార్థులు కంప్యూటర్‌పై జరిగే పరీక్షలను తోటివారితో సమానంగా రాసేందుకు చేసే ఏర్పాట్లు. తిరుపతి, చిత్తూరు కేంద్రాల్లో జేఈఈ మెయిన్, ఏపీ ఈఏపీసెట్ కంప్యూటర్‌పైనే జరుగుతాయి.

చట్టం: దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 17వ సెక్షన్ పరీక్షా విధానంలో తగిన మార్పులు కోరుతుంది. స్క్రైబ్ (అభ్యర్థి చెప్పింది రాసిపెట్టే వ్యక్తి) సాయం పొందేవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశించాయి. వైకల్యం 40 శాతానికి తక్కువన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించరాదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లో తీర్పిచ్చింది.

తెర: సమీకరణాన్ని బొమ్మగా పెడితే స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేదు, దానికి వివరణ జోడించాలి. మౌస్ పట్టలేనివారు కీబోర్డు మీటలతోనే జవాబు గుర్తించగలగాలి. జవాబిచ్చిన ప్రశ్నకు ఆకుపచ్చ, ఇవ్వనిదానికి ఎరుపు చూపే పట్టీలో రంగుతోపాటు ఆకారమూ మారితేనే వర్ణాంధత ఉన్నవారు తేడా గుర్తిస్తారు.