మొదటి పెయింట్‌బాల్ మార్కర్ కొంటున్నారా? ముందు మాస్కు, తర్వాతే మార్కర్

అమెరికాలో ఉన్న మన వాళ్ల ఇళ్లలో ఈ మాట ఏదో ఒక రోజు వస్తుంది. మసీదు యూత్ గ్రూప్ వాళ్లో, కాలేజీ దోస్తులో శనివారం పూట పిల్లాడిని పెయింట్‌బాల్ ఫీల్డుకి తీసుకెళ్తారు. వాడు బట్టల నిండా రంగు మరకలతో, ఒంటి మీద రెండు మూడు కమిలిన మచ్చలతో ఇంటికొస్తాడు. స్నానం కూడా చేయకముందే "అబ్బా, నాకు సొంత మార్కర్ కావాలి" అంటాడు. అమ్మీ "తౌబా, ఇంట్లోకి గన్నా?" అంటుంది. అబ్బా ఫోన్‌లో రేట్లు చూడటం మొదలుపెడతాడు. వంద డాలర్ల నుంచి వెయ్యి డాలర్ల పైదాకా ఉంటాయి. ఏది ఎందుకంత రేటో మాత్రం అర్థం కాదు.

ముందు అమ్మీ ప్రశ్నకు జవాబు. దీన్ని గన్ అనకుండా మార్కర్ అని పిలవడం కేవలం మర్యాద కోసం కాదు. అడవిలో నరకాల్సిన చెట్లకు, మందలో విడదీయాల్సిన పశువులకు దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి తయారైన పనిముట్టు ఇది. నెల్సన్ పెయింట్ కంపెనీ అమ్మిన నెల్‌స్పాట్ 007 అనే పిస్టల్‌తో 1981 జూన్ 27న న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో 12 మంది మొదటి ఆట ఆడారు. నాలుగు రకాల జెండాలు సేకరించి ముందుగా బయటపడాలి. గెలిచినాయన రిచీ వైట్, అడవుల పనిలో ఉన్న మనిషి. ఆయన ఆ రోజు ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఖరీదైన మార్కర్ ఉంటేనే గెలుస్తామనుకునే పిల్లలకు ఈ కథ చెప్పొచ్చు.

అలాగని ఇది బొమ్మ కూడా కాదు. గుండు 0.68 అంగుళాల వెడల్పు, సుమారు 3 గ్రాముల బరువు. ఫీల్డుల్లో మామూలుగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు. మన లెక్కలో గంటకు దాదాపు 330 కిలోమీటర్లు. ఒంటికి తగిలితే కమిలి పోతుంది, వారంలో మానుతుంది. కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుకే కొనుగోలు లిస్టులో మొదటి పేరు మార్కర్‌ది కాదు.

మొదట మాస్కు

చేతిలో ఉన్నది వంద డాలర్లే అయితే మంచి మాస్కు ఒక్కటే కొనండి. మార్కర్ ఫీల్డులో అద్దెకు దొరుకుతుంది. అద్దె మాస్కు కూడా దొరుకుతుంది కానీ గీతలు పడి ఉంటుంది, పది మంది చెమట పీల్చి ఉంటుంది, రెండో ఆటకే మంచు పట్టినట్టు మసకబారుతుంది. మసకబారితే పిల్లాడు చేసే మొదటి పని ఏంటంటే మాస్కు కొంచెం పైకెత్తి వేలితో తుడుచుకోవడం. ఈ ఆటలో కళ్లు పోయేది చాలాసార్లు ఆ క్షణంలోనే. ఫీల్డు లోపల ఏం జరిగినా మాస్కు తీయకూడదు. ఏమీ కనపడకపోతే చెయ్యెత్తి రిఫరీని పిలవాలి, ఆయన బయటికి తీసుకెళ్తాడు. ఆట గురించి ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్కటి మాత్రం పిల్లలకు వంద సార్లు చెప్పండి.

కొనేటప్పుడు "థర్మల్ లెన్స్" ఉందో లేదో చూడండి. అంటే మధ్యలో గాలి పొర ఉన్న రెండు పలకల అద్దం. తొందరగా మసకబారదు. కళ్లజోడు పెట్టుకునే పిల్లలకైతే ఇది తప్పనిసరి, కళ్లజోడుతోనే పెట్టి చూసి కొనాలి. పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్కు అయ్యుండాలి. దాని మీద గానీ పెట్టె మీద గానీ ఏఎస్‌టీఎం ఎఫ్1776 అని ఉంటుంది. మంచులో స్కీయింగ్ చేసేవాళ్ల గాగుల్స్, వర్క్‌షాపు కళ్లద్దాలు పనికిరావు. సెకండ్ హ్యాండ్ మార్కర్ కొనొచ్చు గానీ సెకండ్ హ్యాండ్ మాస్కు వద్దు, ఆ లెన్స్ ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవరికి తెలుసు? దగ్గరి నుంచి గట్టి దెబ్బ తగిలితే లెన్స్ మార్చేయాలి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో తుడవొద్దు, ప్లాస్టిక్ బలహీనపడుతుంది. మెత్తని గుడ్డ, నీళ్లు చాలు.

హిజాబ్ వేసుకునే అమ్మాయిలు కూడా హాయిగా ఆడుతున్నారు. స్కార్ఫ్ ముందు కట్టుకుని, మాస్కు పట్టీ దాని మీదుగా బిగించుకోవాలి. నురుగు అంచు మాత్రం నేరుగా చర్మానికి ఆనాలి, మధ్యలో బట్ట ముడత ఉంటే సందు ఏర్పడుతుంది. గుండుసూదులు వద్దు, దెబ్బ తగిలితే గుచ్చుకుంటాయి. స్పోర్ట్స్ హిజాబ్ అయితే ఆ ఇబ్బందే లేదు. పైగా మెడకు రక్షణ కూడా. అబ్బాయిలు మెడకు విడిగా ఏదైనా చుట్టుకోవాలి.

ఇక మార్కర్

దుకాణంలో ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఆట మొదలయ్యే ముందు ఫీల్డు వాళ్లు ప్రతి మార్కర్‌నీ క్రోనోగ్రాఫ్ అనే యంత్రం ముందు పేల్పించి వేగం కొలుస్తారు. ఎక్కువుంటే తగ్గించాకే లోపలికి పంపుతారు. వంద డాలర్లదైనా వెయ్యి డాలర్లదైనా గుండు ఒకే వేగంతో బయటికొస్తుంది. వేగం ఒకటే అయినప్పుడు అది పోయే దూరమూ దాదాపు ఒకటే. "ఇది ఎక్కువ దూరం కొడుతుంది భాయ్" అని ఎవరైనా అమ్మజూస్తే నమ్మొద్దు. పొడవాటి బ్యారెల్ సంగతీ అంతే. గురి కుదరడానికి బ్యారెల్ పొడవు కంటే గుండు నాణ్యత, బ్యారెల్ రంధ్రంలో ఆ గుండు సరిగ్గా ఇమడటం ముఖ్యం.

మరి ఎక్కువ డబ్బుకి ఏమొస్తుంది? తేలిక, నిశ్శబ్దం, తక్కువ కుదుపు, వేగంగా వరుసగా పేల్చగలగడం. కొత్తగా ఆడేవాడికి ఆఖరిది లాభం కన్నా నష్టమే. ఎలాగో కింద లెక్క చూడండి.

మార్కర్లు మూడు రకాలు. పంపు రకంలో ప్రతి గుండుకీ చేత్తో లాగాలి. మెకానికల్ సెమీ ఆటోమేటిక్‌లో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు, బ్యాటరీ ఉండదు. ఎలక్ట్రానిక్ రకంలో బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు, గుండు వచ్చిందో లేదో చూసే సెన్సర్ ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా మెకానికల్. టిప్‌మన్ 98 కస్టమ్, అదే కంపెనీ క్రోనస్, స్పైడర్ మోడళ్లు చాలా ఏళ్లుగా ఫీల్డుల్లో నలిగినవి. బురదలో పడ్డా పని చేస్తాయి. ఓ-రింగులు, స్ప్రింగులు ఎక్కడైనా దొరుకుతాయి, విప్పి బిగించడం పదిహేనేళ్ల పిల్లాడు నేర్చుకోగలడు. వీటిలో బరువు, చప్పుడు ఎక్కువ. ట్రిగ్గర్ మరీ తొందరగా నొక్కితే గుండు సగం దిగినప్పుడే బోల్టు వచ్చి దాన్ని నలిపేస్తుంది, లోపలంతా రంగు. ఇంకొంచెం పెట్టగలిగితే ప్లానెట్ ఎక్లిప్స్ వాళ్ల ఎమెక్ 100 ఉంది. అదీ మెకానికలే, కానీ తక్కువ ఒత్తిడితో నడిచి గుండును మెత్తగా తోస్తుంది. ఏళ్ల తరబడి ఆడతాడని నమ్మకం ఉంటే అది కొనడం తప్పు కాదు.

మా ఆపా కొడుకు డల్లాస్‌లో మొదటిదే ఎలక్ట్రానిక్ కొన్నాడు. నాలుగో వారానికి సెన్సర్‌కి రంగు పట్టి ఆగిపోయింది. విప్పడం రాదు, దుకాణం వాళ్లు రెండు వారాలన్నారు. ఆ రెండు వారాలూ అద్దె టిప్‌మన్‌తో ఆడి, "ఇదే బాగుంది మామూ" అన్నాడు. సొంతది ఇప్పటికీ అల్మారాలోనే ఉంది.

పదేళ్ల లోపు చిన్నవాళ్లకు ఇవేవీ వద్దు. 0.50 అంగుళాల చిన్న గుండ్లతో, స్ప్రింగుతో నడిచే తక్కువ దెబ్బ మార్కర్లు ఉన్నాయి. చాలా ఫీల్డుల్లో పిల్లల పార్టీలకు అవే ఇస్తారు. వయసు పరిమితి ఫీల్డును బట్టి మారుతుంది. 18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు.

గాలి సిలిండర్

మార్కర్‌ను నడిపేది కార్బన్ డయాక్సైడ్ గానీ, ఒత్తిడి పెట్టిన మామూలు గాలి గానీ. మొదటిది చవక, ద్రవ రూపంలో బరువు లెక్కన నింపుతారు. కానీ చలిలో ఒత్తిడి పడిపోతుంది, వరుసగా పేలిస్తే సిలిండర్ గడ్డకట్టినట్టు చల్లబడి గుండ్లు ముందే రాలిపోతాయి. షికాగో చలికాలంలో దాంతో తంటాలే. గాలి సిలిండర్‌కి ఆ బాధ లేదు, వేగం నిలకడగా ఉంటుంది. ఇప్పుడు చాలా ఫీల్డుల్లో నింపేది కూడా గాలే. 48 ఘనపు అంగుళాల, 3000 పీఎస్ఐ అల్యూమినియం సిలిండర్ కొత్తవాళ్లకు సరిపోతుంది. నాలుగైదు వందల గుండ్లు వస్తాయి.

సిలిండర్ మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ముద్రించి ఉంటుంది. అమెరికాలో మామూలుగా అయిదేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి, గడువు దాటితే ఫీల్డు వాళ్లు నింపరు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందు ఆ తేదీ చూడండి, కార్బన్ ఫైబర్ రకమైతే తయారైన తేదీ కూడా, ఎందుకంటే వాటిలో చాలావాటికి మొత్తం ఆయుష్షే 15 ఏళ్లు. గాలి నింపే మూతి దగ్గర నూనె చుక్క కూడా వేయొద్దు, ఒత్తిడికి అంటుకునే ప్రమాదం ఉంది. ఇంకోటి, సిలిండర్ విప్పేటప్పుడు సీసా, దాని వాల్వు రెండూ కలిసి తిరుగుతున్నాయా చూడాలి. మార్కర్‌లో వాల్వు ఉండిపోయి సీసా ఒక్కటే ఊడొస్తే అది రాకెట్‌లా ఎగురుతుంది. అలా ప్రాణాలు పోయాయి. వాల్వు మీంచి సీసా మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. గీత రెండు ముక్కలుగా విడిపోతున్నట్టు కనిపిస్తే అక్కడే ఆపేసి తెలిసినవాళ్లకు చూపించాలి.

అసలు ఖర్చు గుండ్లది

మార్కర్ ఒక్కసారి కొంటాం. గుండ్లు ప్రతి వారం. ఒక పెట్టెలో 2000 ఉంటాయి. మామూలు రకం సుమారు 40 నుంచి 70 డాలర్లు. చాలా ఫీల్డుల్లో బయటి నుంచి తెచ్చినవి వాడనివ్వరు, వాళ్ల దగ్గరే కొనాలి, అక్కడ ఇంకా ఎక్కువ. మెకానికల్‌తో నిదానంగా ఆడేవాడు రోజుకి 500తో సరిపెట్టుకోగలడు. ఎలక్ట్రానిక్ చేతిలో ఉంటే ఆ అయిదు వందలు గంటలో అయిపోతాయి. ఎంట్రీ, గాలి, గుండ్లు కలిపి నెలకు రెండుసార్లు ఆడితే ఎంతవుతుందో కాగితం మీద రాసి పిల్లాడికి చూపించండి. మూడు నాలుగుసార్లు అద్దెకు ఆడాక కూడా వాడి సరదా తగ్గకపోతే అప్పుడు కొనొచ్చు.

గుండు పైపొర జెలటిన్‌తో చేస్తారు. ఏ జంతువుదో పెట్టె మీద చాలాసార్లు రాయరు. తినేది కాదు కదా అని కొందరు పట్టించుకోరు. మనసు ఒప్పని వాళ్లు తయారీదారుకి మెయిల్ రాసి అడగొచ్చు. రంగు మాత్రం నీళ్లలో కడిగితే పోతుంది. ఇంట్లో చిన్న పిల్లలు, పక్కింటి కుక్క అందుకోకుండా పెట్టండి. కుక్కలకు ఇవి విషంతో సమానం. తేమకు గుండ్లు ఉబ్బిపోతాయి, అందుకని నెలల తరబడి దాచుకోకూడదు.

ఇంటికి తెచ్చాక

రంగు ఎంచుకునేటప్పుడు సైనికుల రైఫిల్‌లా నల్లగా ఉండేవాటికి పిల్లలు మనసు పడతారు. ఎరుపో, నీలమో, ఆకుపచ్చో కొనండి. ఇది అందం గురించి చెప్తున్న మాట కాదు. 2014 నవంబర్ 22న క్లీవ్‌లాండ్‌లో పార్కులో ఆడుకుంటున్న తమీర్ రైస్ అనే 12 ఏళ్ల నల్లజాతి పిల్లాడిని పోలీసులు కాల్చారు, మర్నాడు చనిపోయాడు. వాడి దగ్గరున్నది ప్లాస్టిక్ గుండ్ల బొమ్మ తుపాకీ. పార్కింగ్‌లో, పెరట్లో, కారు సీటు మీద, కిటికీ దగ్గర మార్కర్ బయటికి కనపడకూడదు. ఫీల్డు గేటు దాటాకే సంచి విప్పాలి, అక్కడా బ్యారెల్‌కి గుడ్డ తొడుగు ఉండాలి. పోలీసులు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, డిక్కీలో పెయింట్‌బాల్ సామాను ఉందని ముందే చెప్పాలి. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది అతిగా అనిపిస్తుంది. వాదించనివ్వండి, కానీ మాట మాత్రం తప్పనివ్వొద్దు.

ఇంట్లో పెట్టేటప్పుడు సిలిండర్ విప్పి వేరుగా, గుండ్లు వేరుగా. సిలిండర్ తీశాక కూడా లోపల ఒక పేలుడుకు సరిపడా గాలి మిగిలి ఉంటుంది. మాస్కు పెట్టుకుని, సురక్షితమైన వైపు తిప్పి, దాన్ని ఖాళీ చేశాకే సంచిలో పెట్టాలి.

అమెరికాలో విమానంలో వెళ్తే మార్కర్ చెక్-ఇన్ సామానులోనే, చేతి సంచిలో కాదు. సిలిండర్‌కి వాల్వు పూర్తిగా విప్పి లోపలికి కనపడేలా ఉంటేనే ఒప్పుకుంటారు, అందుకని చాలామంది దాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్లిన చోట అద్దెకు తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలి కొడుక్కి తోఫాగా తెద్దామనుకునేవాళ్లు మాత్రం ఆగాలి. ఇది ఆయుధాల నిబంధనలకూ కస్టమ్స్‌కూ ముడిపడిన వస్తువు. రాతపూర్వక అనుమతి లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగొద్దు, గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో అసలే వద్దు. హైదరాబాద్‌లో ఆడాలనుకునే పిల్లలకు అక్కడి ఆట స్థలాల వాళ్లే మార్కర్ ఇస్తారు. తోఫా ఇవ్వాలంటే థర్మల్ లెన్స్ ఉన్న మాస్కు ఇవ్వండి, దానికి ఏ ఎయిర్‌పోర్టులోనూ అడ్డు ఉండదు.